చివరి మూడు హోల్స్ చూసి బిడ్డకు గుండె లేదనకండి

ప్రశ్న: మాది చిత్తూరు పక్కన పల్లె. సొంత మామిడి తోట ఉంది. ఏటా ఇంకో రెండు మూడు తోటలు పూత మీద గుత్తకు తీసుకుంటాను. ముందు బెంగళూరులో ఉద్యోగం చేసేవాణ్ణి. అక్కడుండగానే మా పాపకు గోల్ఫ్ అలవాటైంది. మా నాయన పోయాక ఊరికి వచ్చేశాం. పాపకిప్పుడు పదహారు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. శని, ఆదివారాలు బెంగళూరు తీసుకుపోయి ఆడిస్తున్నాను. హ్యాండిక్యాప్ 4, అంటే పార్ (కోర్సుకు పెట్టిన దెబ్బల లెక్క, 72) కంటే నాలుగు ఎక్కువ. ఈ మధ్య ఒక జూనియర్ టోర్నమెంటులో, అలవాటైన దానికంటే పొడవైన, కష్టమైన కోర్సులో, తొలి రెండు రోజులూ 76, 77 కొట్టి (దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది) మూడో స్థానంలో నిలిచింది. ఆఖరి రోజు 86! పద్దెనిమిది హోల్స్ (ఒక్కో రంధ్రం దాకా సాగే ఆట ఒక హోల్) ఉంటే చివరి మూడింటిలో అంతా పోగొట్టింది. 16లో బంతి హద్దు దాటగానే తొందరపడి ఇంకోటి కొట్టేసింది. 17లో రెండడుగుల పట్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) తప్పింది. 18లో ఎనిమిది అడుగుల పట్ కూడా వెయ్యలేకపోయింది. తాడు అవతల నిలబడి చూస్తుంటే నాకే కాళ్ళు వణికాయి. ప్రతి షాటుకూ నా వైపు చూసేది, నేనూ చేత్తో సైగలు చేస్తూనే ఉన్నాను. ముందు రోజు రాత్రి గదిలో ఫోనులో వీడియో చూపించి, పట్ కొట్టేటప్పుడు మణికట్టు కదులుతోందని చెప్పాను. అయినా సరిచేసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక ‘ఇంటర్ మానేసి బెంగళూరులోనే ఉండి ఆడతా నాయనా, ఒలింపిక్స్ దాకా పోవాల’ అంది. మా బావమరిది మాత్రం ‘ఒత్తిడి తట్టుకునే గుండె లేని పిల్ల మీద డబ్బు పొయ్యొద్దు బావా’ అంటాడు. రోజూ సాయంత్రం చదువు పక్కనపెట్టి తోటలో మామిడి క్రేట్లు వరసగా పెట్టి వాటిలోకి బంతులు వేస్తుంటుంది. మోటారు రూము గోడ మీద ఏవో లెక్కలు రాస్తుంటుంది. ఇది నిజమైన పట్టుదలేనా, వయసు వేడా? ఎలా తెలుసుకోవాలి?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అన్నా, ఉత్తరం చదివినప్పుడు నాకూ దిగులేసింది. దాంతో పాటు మీరు ఫొటో తీసి పంపిన మూడు స్కోరు కార్డులు చూశాక ఊపిరి పీల్చుకున్నాను. కార్డుల అంచున ప్రతి హోల్‌కూ ఎన్ని పట్‌లు పట్టాయో పెన్సిలుతో రాసిపెట్టారు చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఆ అంకెలు రాసింది మీరే. వాటిని కూడినట్టు మాత్రం లేదు.

నేను కూడాను. మొదటి రోజు 30 పట్‌లు, రెండో రోజు 31, మూడో రోజు 38. రెండో రోజు స్కోరు 77, మూడో రోజు 86, తేడా తొమ్మిది. అందులో పట్‌ల తేడానే ఏడు. మిగిలిన రెండూ 16వ హోల్‌లో హద్దు దాటిన బంతివి. అక్కడ కొట్టిన దెబ్బా పోయింది, దాని మీద శిక్షగా ఇంకో స్ట్రోకూ (దెబ్బ) పడింది. ఏడూ రెండూ తొమ్మిది. అంటే ఆ ఒక్క బంతిని పక్కన పెడితే, టీ (హోల్ మొదలయ్యే చోటు) మీద నుంచి గ్రీన్ చేరేదాకా మీ బిడ్డ మూడో రోజు కూడా రెండో రోజులాగే ఆడింది. గుండె జారితే సాధారణంగా డ్రైవర్ (బంతిని దూరం కొట్టే పెద్ద కర్ర) దెబ్బ కూడా చెడుతుంది. చేతులు బిగుసుకుపోయి బంతి కుడికో ఎడమకో పోతుంది. ఈమెకు 18 హోల్స్‌లో అలా జరిగింది ఒక్క చోట.

ఇంకొకటి కూడా చూడండి. మూడో రోజు మొదటి తొమ్మిది హోల్స్‌లో ఆమె 38 కొట్టింది, పార్ కంటే రెండే ఎక్కువ. మీరు దాన్ని బాగా ఆడిన భాగంగా లెక్కేశారు. కానీ ఆ తొమ్మిదిలోనే 18 పట్‌లున్నాయి. ముందు రెండు రోజులూ తొమ్మిది హోల్స్‌కు 15, 16 దాటలేదు. అంటే పట్ అప్పటికే చెడింది. మిగతా ఆట అద్భుతంగా ఉండబట్టి స్కోరులో కనబడలేదు, అంతే. ట్రోఫీ దగ్గరపడిందనో, చివరి హోల్స్ వచ్చాయనో చెడి ఉంటే ఆ చెడడం 15, 16 దగ్గర మొదలవ్వాలి. ఇది పొద్దున్నే మొదటి గ్రీన్ మీద మొదలైంది. ముందు రోజు సాయంత్రానికీ ఆ పొద్దుకీ మధ్య జరిగిందేమిటని వెతికితే మీ ఉత్తరంలో ఒక్కటే కనబడుతోంది: గదిలో చూపించిన ఆ వీడియో.

మిమ్మల్ని నొప్పించాలని కాదు. బిడ్డ మేలు కోరే చూపించారని తెలుసు. కానీ ఇది చాలామంది తల్లిదండ్రులూ, కొందరు కోచ్‌లూ చేసే పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికాలో సియాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గోల్ఫ్ పట్‌ల మీదే ప్రయోగాలు చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళను చేతి కదలిక మీద ధ్యాస పెట్టమంటే ఆట మెరుగైంది. చెయ్యి తిరిగినవాళ్ళకు అదే మాట చెబితే ఆట చెడింది. ఏళ్ళ తరబడి చేసిన సాధనతో చెయ్యి తనంతట తానే చేసుకుపోయే పనిని బుద్ధి మధ్యలో దూరి ముక్కలు ముక్కలుగా నడపబోతే ఆ వరస తెగిపోతుంది. ఒత్తిడిలో తడబడటం అని మనం అనేదాంట్లో చాలా భాగం ఇదే. మీ అమ్మాయి ఆ రోజు రంధ్రాన్ని చూసి పట్ కొట్టలేదు, మణికట్టును చూసుకుంటూ కొట్టింది. 17లో రెండడుగుల పట్ తప్పిందని మీరే రాశారు. హ్యాండిక్యాప్ 4 ఉన్న పిల్లకు రెండడుగుల పట్ కొట్టే విద్య రాత్రికి రాత్రే ఎటూ పోదు.

మణికట్టు నిజంగానే కదులుతూ ఉండొచ్చు. దాన్ని దిద్దాల్సింది కోచ్, అదీ టోర్నమెంటు లేని వారంలో. పోటీ మొదలయ్యాక ముగిసేదాకా మీ నోట టెక్నిక్ మాట ఒక్కటి కూడా రాకూడదు. ఇందులో నేను ఏ మినహాయింపూ ఇవ్వను.

సైగల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. గోల్ఫ్ నియమాల్లో 10.2 ప్రకారం రౌండు నడుస్తుండగా ఆటగాళ్ళు సలహా అడగాల్సింది తమ క్యాడీని (కర్రల సంచీ మోసే సహాయకుణ్ణి) మాత్రమే. ఇంకెవరినైనా అడిగితే రెండు స్ట్రోకుల శిక్ష. మీ వైపు చూసి, మీరు చెయ్యి ఊపాక క్లబ్ (కర్ర) మార్చిందని ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆ 86 కాస్తా 88 అయ్యేది. నియమం అటుంచండి, ప్రతి షాటుకూ ఆమె కళ్ళు మిమ్మల్ని ఎందుకు వెతుకుతున్నాయి? సలహా కోసం కాదనే నా నమ్మకం. మీ మొహం ఎలా ఉందో చూసుకోవడానికి. మీ కాళ్ళు వణికాయన్నారు కదా, మీ మొహంలో ఆమెకు కనబడింది అదే. పదహారేళ్ళ పిల్ల తన భయంతో పాటు తండ్రి భయాన్ని కూడా మోస్తూ పద్దెనిమిది హోల్స్ నడిచింది. వచ్చేసారి మీరు క్లబ్ హౌస్ దగ్గరే కూర్చోండి. కూర్చోలేకపోతే ఒక హోల్ వెనకగా, ఆమెకు కనబడనంత దూరంలో నడవండి.

ఇక హ్యాండిక్యాప్. 4 కాబట్టి రోజూ 76 కొట్టాలి అన్న లెక్కతో మీరున్నారు. ఆ అంకె కట్టే పద్ధతి వేరు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో ఆఖరి ఇరవై రౌండ్లలో బాగా వచ్చిన ఎనిమిదింటినే తీసుకుని సగటు కడతారు. మిగతా పన్నెండూ లెక్కలోకి రావు. మీరు తోటల్ని పూత మీద గుత్తకు పట్టేవారు, పూత నిండుగా ఉందని అంత కాపూ దిగుతుందని ఏనాడూ లెక్క కట్టి ఉండరు. హ్యాండిక్యాప్ పూత లాంటిది. మామూలు రోజున స్కోరు దానికంటే రెండు మూడు స్ట్రోకులు ఎక్కువే ఉంటుంది. అందులోనూ టోర్నమెంటు కోర్సు ఆమెకు అలవాటైన దానికంటే పొడవైనది, కష్టమైనది అని మీరే రాశారు. అంటే అక్కడ ఆమె మామూలు ఆట 79, 80. ఆ కోర్సులో, పోటీలో, వరసగా రెండు రోజులు 76, 77 కొట్టిందంటే ఒత్తిడి తట్టుకునే శక్తి గురించి మీ బావమరిది అడిగినదానికి అది జవాబు కాదా? మొదటి రోజు తొలి టీ మీద అందరూ చూస్తుండగా కొట్టే దెబ్బకు ఒత్తిడి ఉండదా?

ఎనిమిది అడుగుల పట్ గురించి కూడా ఆయనకు చెప్పండి. అమెరికాలోని పెద్ద పోటీల వరస పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ ఆ దూరం నుంచి వేసేది దాదాపు సగం సార్లు. టీవీలో మనకు పడినవే ఎక్కువగా చూపిస్తారు కాబట్టి అది సులువైన పని అనిపిస్తుంది.

టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ మూడు రోజుల ఆట ముగిసేసరికి రెండో స్థానంలో ఉంది. ప్రపంచ ర్యాంకింగులో అప్పుడామె 200వ స్థానం. ఆఖరి రోజు పార్ 71 కోర్సులో 68 కొట్టింది. అయినా ఒక్క స్ట్రోకు తేడాతో పతకం తప్పి నాలుగో స్థానం వచ్చింది. స్థానాన్ని చూసి తీర్పు చెబితే రెండు నుంచి నాలుగుకు పడిపోయిందనే అంటారు. ఆటను చూస్తే ఆమె తడబడలేదు, పక్కవాళ్ళు ఇంకా బాగా ఆడారు. మూడో స్థానం నుంచి పదకొండుకు పడిందా, ఆరుకు పడిందా అన్నది మీ బిడ్డ చేతిలో లేని సంగతి. మీరు స్థానం అడగడం మానేస్తే ఆమె కూడా మెల్లగా మానేస్తుంది.

నిజంగానే కూలిపోయినవాళ్ళూ ఉన్నారు. 2011లో ఉత్తర ఐర్లాండ్ గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంటు ఆఖరి రోజును నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో మొదలుపెట్టాడు. పదో టీ దగ్గర కూడా ఒక స్ట్రోకు ముందే ఉన్నాడు. అక్కడ 7 కొట్టి, చివరికి 80తో ముగించాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు. మరో రెండు నెలలకే యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఒక ఆదివారం సాయంత్రం చూసి మనిషి గుండె ఇంతే అని తేల్చడం ఎంత తప్పో చెప్పడానికే ఇది రాశాను. మీ అమ్మాయి మెకిల్‌రాయ్ అవుతుందని కాదు.

ఆమె వైపు నుంచి దిద్దుకోవాల్సింది ఒకటుంది, దాన్ని దాచను. 16లో మొదటి బంతి హద్దు దాటింది. అది ఎవరికైనా జరుగుతుంది. వెంటనే జేబులోంచి ఇంకో బంతి తీసి, అదే డ్రైవర్‌తో, ఒక్క ఖాళీ స్వింగ్ కూడా చెయ్యకుండా కొట్టేసిందన్నారు. అది చెట్లలో పడింది. ఆ హోల్‌కు 8 దెబ్బలు అయింది. షాటుకు నలభై సెకన్ల లోపు తీసుకోవాలని నియమాలు సూచిస్తాయి, అంటే ఆమెకు తీరిక ఉంది. రోజూ బంతి వెనక నిలబడి గురి చూసి, రెండు ఖాళీ స్వింగ్‌లు చేసి కొట్టే పిల్ల ఆ వరసంతా వదిలేసింది. సిగ్గుతోనో కోపంతోనో ఆ చోటి నుంచి త్వరగా పారిపోవాలనుకుంది. చూడాల్సింది, నేర్పాల్సింది ఇక్కడే. చెడ్డ షాటు తర్వాతి షాటును మామూలు వరసలో కొట్టగలుగుతోందా లేదా? దీన్ని కోచ్‌తో మాట్లాడి సాధనలో పెట్టించండి. ఒక్క బంతితోనే తొమ్మిది హోల్స్ ఆడడం, మూడడుగుల పట్‌లు వరసగా పది పడేదాకా ఇంటికి కదలకపోవడం, ఎనిమిదోదో తొమ్మిదోదో తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. ఇలాంటి చిన్న చిన్న ఒత్తిళ్ళకు అలవాటైన చెయ్యి పెద్ద రోజున అంతగా తడబడదు. మీ బావమరిదినీ ఆయన పిల్లల్నీ ఒక ఆదివారం పిలిచి ఆమె చుట్టూ నిలబెట్టి చూడమనండి, అదీ మంచి సాధనే.

ఇప్పుడు పట్టుదల ప్రశ్న. ‘ఒలింపిక్స్ దాకా పోవాల’ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను, తగ్గించీ చూడను. పదహారేళ్ళకు అంత మాట అనకపోతే ఎప్పుడంటారు? నన్ను పట్టి నిలబెట్టింది మీరు ఫిర్యాదుగా రాసిన వాక్యం: క్రేట్లు, గోడ మీద లెక్కలు. కోర్సు నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న పిల్ల, చెప్పేవాళ్ళు లేకుండా, చూసేవాళ్ళు లేకుండా, రోజూ సాయంత్రం తోటలో క్రేట్లు ఒక్కో దూరాన పెట్టుకుని చిప్పింగ్ (దగ్గరి నుంచి బంతిని లేపి కొట్టడం) సాధన చేస్తోంది. ఆట మీద ఇష్టం, పేరు మీద ఇష్టం వేరువేరని మీకు తెలుసు. పేరు కోరుకునే పిల్లలు టోర్నమెంటు బట్టలతో ఫొటోలు దిగుతారు, క్రేట్లు మొయ్యరు.

ఒక పని చెయ్యండి. ఆమె కాలేజీకి పోయినప్పుడు మోటారు రూము దగ్గరికి వెళ్ళి ఆ గోడ మీద ఏం రాసిందో చదవండి. చెరపకండి, ఏమీ అనకండి. ఇరవైకి ఎన్ని క్రేట్‌లో పడ్డాయన్న లెక్కే అయ్యుంటుందని నా ఊహ. బాగా పడిన రోజులే రాసిందా, ఇరవైకి నాలుగే పడిన రోజులు కూడా రాసిందా చూడండి. చెడ్డ రోజుల్ని కూడా తన చేత్తో తాను గోడకెక్కించిన పిల్ల అయితే, ఆమె పట్టుదల మీద నాకు ఇంకే రుజువూ అక్కర్లేదు. మంచి రోజులే ఉంటే కూడా నిరాశపడకండి, ఇంకా చిన్నదే, తన్ను తాను సరిగ్గా చూసుకోవడం నేర్చుకోవాలి.

అయితే ఇంటర్ మానేయడానికి నేను ఒప్పుకోను. ఆట కోసమే ఒప్పుకోవడం లేదు. ఈ వయసులో బాగా ఆడే అమ్మాయిలకు తెరుచుకునే పెద్ద తలుపుల్లో అమెరికా కాలేజీ గోల్ఫ్ ఒకటి. అక్కడ స్కాలర్‌షిప్పుతో చదువుకుంటూ నాలుగేళ్ళు గట్టి పోటీల్లో ఆడొచ్చు. దానికి పన్నెండో తరగతి చదువు, అందులో మంచి మార్కులు కావాలి. ఇంటర్ మధ్యలో వదిలితే ఆ దారి మూసుకుపోతుంది. రోజూ కాలేజీకి పోవడం ఆటకు అడ్డమవుతోంది అనుకుంటే ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారానో, కేంద్రం ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారానో ఇంటర్ పూర్తి చేసే వీలుంది. కానీ ఆ దారిలో వెళ్తే అమెరికా కాలేజీలు దాన్ని ఎలా పరిగణిస్తాయో ముందే కనుక్కుని మరీ వెళ్ళండి. నా సలహా మాత్రం రెండో సంవత్సరం ఇక్కడే ముగించమని.

ప్రొఫెషనల్ అవ్వడానికి తొందరేమీ లేదు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ నడిపే జూనియర్, అమెచ్యూర్ (ఆటను వృత్తిగా తీసుకోనివాళ్ళ) పోటీల్లో ఏడాది పొడవునా ఆడనివ్వండి. అందులో బాగా ఆడితే ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగులోకి వస్తుంది, కాలేజీల కోచ్‌లు దాన్నీ చూస్తారు. 2022 జనవరి నుంచి అమెచ్యూర్ నియమాలు కూడా సడలాయి. హ్యాండిక్యాప్ కలపని పోటీల్లో వెయ్యి డాలర్ల దాకా బహుమతిని నగదుగా కూడా తీసుకోవచ్చు, స్పాన్సర్ దొరికితే ఆ సాయం తీసుకోవచ్చు. అమెచ్యూర్‌గా ఉంటే పైసా రాదన్న పాత మాట ఇప్పుడు చెల్లదు. ఏడాది తర్వాత ఆమె టోర్నమెంటు సగటు పార్ దగ్గరికి, అంటే 73, 74కు దిగితే బెంగళూరుకు మారే మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు. 78 దగ్గరే నిలిచిపోతే కూడా మాట్లాడుకోవచ్చు, అప్పుడు ఆ మాట వేరేగా ఉంటుంది. ఏ అంకె దగ్గర ఏం చేస్తారో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని అనుకోండి, అదీ టోర్నమెంటు మర్నాడు కాదు, ఏదో ఒక మామూలు రోజున.

డబ్బు మాట మీరు ఉత్తరంలో ఎక్కడా సూటిగా రాయలేదు, మీ బావమరిది నోట చెప్పించారు. గ్రీన్ ఫీజు, క్యాడీ, కోచ్, బెంగళూరు రాకపోకలు, టోర్నమెంటు ఊళ్ళలో గదులు – ఇది ఖరీదైన ఆట. మామిడి మీద బతికే ఇంటికి ఏటా ఒకే ఆదాయం ఉండదు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని చెప్పి ప్రభుత్వం ఇంకో 4 కలపాల్సి వచ్చిన సీజను మీరు చూసినదే. ఆ సంగతులన్నీ బిడ్డకు తెలియాలి. ఏడాదికి ఇంత పెట్టగలను, అంతకుమించి పెట్టలేను అని ఒక అంకె చెప్పండి. అది ఆమె తీర్చాల్సిన బాకీ కాదని కూడా అదే నోటితో చెప్పండి. లేకపోతే ప్రతి పట్ వెనకా మీరు పెట్టిన ఖర్చు నిలబడుతుంది. ఆ అంకెలో ఏ టోర్నమెంట్లు ఆడాలో, ఏవి వదలాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. నాలుగు ఎంచుకుంటుందో ఏడు ఎంచుకుంటుందో, దగ్గరివి ఎంచుకుంటుందో గట్టివి ఎంచుకుంటుందో చూస్తే ఆమె మనసులో ఎంత దూరం ఉందో మీకు నాకంటే బాగా తెలుస్తుంది.